జ్వరానికి ఆదివారం సెలవు

మూత బాబాయి ఇనుప కొక్కెం దూర్చి మ్యాన్‌హోల్ మూత పక్కకి లాగగానే ఎదురుగా సెలూన్‌లో కత్తెర చప్పుడు ఆగిపోయింది. నేను తలెత్తలేదు. ఎత్తకపోయినా తెలుసు, రేడియో గుమ్మంలోకి వచ్చాడని.

రేడియో అంటే సెలూన్ ఆయన. కుర్చీలో మనిషి ఉన్నా లేకపోయినా ఆయన నోరు మోగుతూనే ఉంటుందని వీధి ఆ పేరు పెట్టింది. మా అన్నయ్య లాండ్రీ దాటి కాస్త కిందికి దిగితే ఆయన షాపు.

“వచ్చిందయ్యా డ్రైనేజీ డాక్టరమ్మ,” అన్నాడు, లోపల సగం గడ్డంతో కూర్చున్న మనిషికి వినపడేలా. “ముక్కు మూసుకో. మురుగు కంపు కాదు, అబద్ధం కంపు.”

పొడుగాటి కర్రకు బిగించిన స్టీలు గ్లాసును లోపలికి దించి, పారుతున్న నీళ్ళు ముంచి, బాటిల్లో పోసి మూత బిగించాను. బాటిల్ మీద వీధి పేరూ వారమూ రాసి ఐస్ పెట్టెలో పెట్టాను. నా పని అంతే. కొత్త జ్వరం వచ్చిన మనిషి కడుపులోంచి ఆ క్రిమి బయటికి పోతుంది. ఆ మనిషి ఆసుపత్రి గుమ్మం తొక్కకముందే అది మురుగులో కనిపిస్తుంది. ఏ వీధిలో జ్వరం పెరుగుతోందో ముందే చెప్పొచ్చని మా ల్యాబ్ వాళ్ళు వీధికో మూత ఎంచుకున్నారు. వచ్చిన అంకెలన్నీ దాచకుండా వెబ్‌సైట్‌లో పెడతారు. ఎవరైనా దించుకుని చూసుకోవచ్చు. వీధి మొదట్లో కాగితం కూడా అంటిస్తారు. తక్కువైతే ఆకుపచ్చ, ఎక్కువైతే ఎరుపు.

మా వీధిది ఎరుపు. చాలా వారాలుగా ఎరుపే. ఇంకొక్కసారి ఎరుపు వస్తే రెండు వైపులా అడ్డుకర్రలు కట్టి వీధి మూసేస్తామని వార్డు ఆఫీసరు వచ్చి చెప్పి వెళ్ళాడు. అప్పటినుంచి నేను కనబడితే పలకరించే ముందు జనం ఒక క్షణం ఆగుతున్నారు.

“ఒక్క మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు,” అన్నాడు రేడియో, తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ. “మొన్న ఇంటింటికీ తిరిగి ముక్కుల్లో పుల్లలు పెట్టి చూశారు. ఈ వీధిలో ఒక్కడికీ జ్వరం లేదన్నారు. మనుషులకి లేని జ్వరం మురుక్కి ఎక్కడిది?”

“కొందరికి పైకి తెలీదు మావయ్యా.”

“సరే, తెలీదు. మరి ఇది చూడు.” జేబులోంచి ఫోన్ తీశాడు. “పనిలేని మంగలి పిల్లి తల గొరిగాడంటారు. నాకు పిల్లి కూడా దొరకలేదు, మీ గ్రాఫు దొరికింది. కుర్చీలన్నీ ఖాళీగా ఉన్నప్పుడు కూర్చుని మొదట్నుంచీ చూశాను. మంగళవారం తీస్తే గీత ఆకాశంలో ఉంటుంది. గురువారం తీసినా అంతే. ఆదివారం తీసినప్పుడు మాత్రం నేల మీద. ఏమ్మా, జ్వరానికి ఆదివారం సెలవా?”

లోపలి సగం గడ్డం మనిషి నవ్వాడు. నేను ఫోన్ అందుకుని చూశాను. ఆయన చెప్పింది నిజమే. అంకెలు మావే. ఆ గీత నేను ఎన్నోసార్లు చూశాను. ఆదివారం ఆదివారం దిగే ఆ మెట్టు మాత్రం చూడలేదు.

“ఆదివారం వేరే అమ్మాయి వస్తుంది,” అన్నాడు రేడియో, గొంతు తగ్గించి. “మిగతా రోజులు నువ్వొస్తావు. నేనేమీ అనట్లేదు. అంకెలు అంటున్నాయి.”

“మూత అన్ని రోజులూ తీసేది నేనే కదయ్యా,” అన్నాడు మూత బాబాయి. “మరి నన్ను కూడా అను.”

“ఈ జ్వరం వచ్చాక నీకేమైనా జీతం పెరిగిందా?”

“లేదు.”

“అయితే నువ్వు కాదులే.”

మూత ధన్‌మని పడింది. ఐస్ పెట్టె భుజానికి తగిలించుకుని నడుస్తుంటే, రెండు వైపులా గుమ్మాల్లోంచి చూపులు నా పెట్టె మీదే ఉన్నాయి. అందులో ఏదో ముందే పోసి తెచ్చానన్నట్టు.

*

మా ఇల్లు లాండ్రీ పైన. కింద షాపు, షాపు వెనక ఉతికే గది, ఆ గదిలో బాయిలరు. అన్నయ్య దగ్గరికి వచ్చే ప్రతి బట్టకీ గుర్తు ఉంటుంది. కాలర్ లోపలో, తువ్వాలు అంచునో, చెరగని నల్లసిరాతో చిన్న గుర్తు. సెలూన్ తువ్వాళ్ళకి దువ్వెన పళ్ళలా మూడు గీతలు. టైలరు గారింటి బట్టలకి సూది. గుర్తు లేని బట్ట కనిపించిందంటే అది మా ఇంటిది. “గుర్తు పరాయివాళ్ళకే. మనవి మనకి తెలీవూ?” అనేవాడు నాన్న ఉన్నప్పుడు. అన్నయ్యదీ అదే మాట.

ఆ సాయంత్రం మేడ మెట్లెక్కుతూ ఆగిపోయాను. గొట్టంలోంచి ఆవిరి తెల్లగా లేస్తోంది. రేడియో ప్రశ్న బుర్రలోంచి పోవడం లేదు. మా వీధిలో ఆదివారం సెలవు తీసుకునేది ఎవరు? సెలూన్ కాదు, ఆదివారమే వాళ్ళకి గిరాకీ. కిరాణా కొట్టు కాదు. టైలరు గారు ఏనాడూ తీసుకోరు. సెలవు తీసుకునేది ఒక్కటే. మా బాయిలరు.

జ్వరం మొదలయ్యాక లాడ్జీలు మూతపడ్డాయి, హాస్టల్ ఖాళీ అయింది. అన్నయ్య ఉతికేది ఎక్కువగా వాళ్ళ దుప్పట్లే. కొన్నాళ్ళు బాయిలరు చల్లగా పడి ఉంది. అన్నయ్య షాపు ముందు స్టూలు మీద కూర్చుని, వీధిలో పోయేవాళ్ళ చొక్కాల్లో ఏది ఎవరు ఇస్త్రీ చేశారో చెబుతుండేవాడు. తర్వాత ఒకరోజు మళ్ళీ ఆవిరి లేచింది. ఆ రోజు ఇంట్లో అందరి ముఖాలూ తేటపడ్డాయి. ఎవరి బట్టలని నేను అడగలేదు. అన్నం పెట్టే పొయ్యిని ఎవరైనా ఎందుకు వెలిగావని అడుగుతారా?

ఇప్పుడు అడగాలనిపించింది. మెట్లు దిగి షాపులోకి వెళ్ళాను.

“అన్నయ్యా, ఈ దుప్పట్లు ఎవరివి?”

“కప్పుకునేవాళ్ళవి.” ఇస్త్రీ పెట్టె కింద తెల్లటి దుప్పటి చదునవుతోంది.

“లాడ్జీలు మూశారుగా?”

“లాడ్జీలు మూస్తే జనం నిద్రపోవడం మానేశారా? పెద్ద ఇళ్ళవి.”

“అన్ని పెద్ద ఇళ్ళవీ ఒకటే తెలుపు, ఒకటే కొలతా?”

అన్నయ్య ఇస్త్రీ పెట్టె నిలబెట్టి నావైపు చూశాడు. జవాబు వెనక గదిలోంచి వచ్చింది. వదిన గుమ్మంలో నిలబడి ఉంది, మోచేతుల దాకా రబ్బరు తొడుగులతో.

“ఆడపడుచుగారూ, మీ ల్యాబులో మురుగు చాల్లేదా? మా మూటలు కూడా విప్పుతారా?” అంది నవ్వుతూ.

నవ్వింది కానీ గుమ్మం వదల్లేదు. పైగా ఆ తొడుగులు. నీళ్ళు చేతికి తగలకపోతే ఉతికినట్టే ఉండదని వాటిని ఎప్పుడూ విసిరికొట్టే మనిషి. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, అన్నయ్య లేచి వెళ్ళి వెనక సందు వైపు షట్టర్ ఇంకాస్త కిందికి లాగాడు.

నేను పైకి వెళ్ళిపోయాను. నా ల్యాబు కోటు విప్పి ఎప్పటిలాగే మాసిన బట్టల బుట్టలో వేశాను. కాసేపటికి వెనక సందులో బండి ఆగిన చప్పుడు, బరువైన మూటలు నేల మీద పడిన చప్పుడు వినిపించాయి. పెద్ద ఇళ్ళవాళ్ళు వెనక సందులోంచి ఎందుకు పంపిస్తారు?

*

“మీ వీధి నుంచి పోయిన వారమే ఫోన్ వచ్చింది,” అంది మేడమ్. మా ల్యాబుకి పెద్దావిడ. అంకెలన్నీ బయట పెట్టాలని పట్టుబట్టింది ఆవిడే. దాచిన అంకెని ఎవరూ నమ్మరు అనేది ఆవిడ మాట. “ఆదివారం సంగతి.”

“నిజమే మేడమ్. నేనూ చూశాను.”

“మనం పెట్టిన అంకెలు, మనం చూడలేదు. ఆయన చూశాడు.” మేడమ్ కుర్చీ నావైపు తిప్పింది. “మొన్న నీ పెట్టెలో శుభ్రమైన నీళ్ళ బాటిల్ ఒకటి ఎక్కువ పెట్టించాను. అక్కడ మూత తీసి మళ్ళీ బిగించి తెమ్మన్నాను. ఎందుకో తెలుసా?”

“అలవాటు ప్రకారం అనుకున్నాను.”

“నీ చేతుల నుంచో గ్లవ్స్ నుంచో క్రిమి అంటుతోందేమో చూడ్డానికి. ఆదివారం వచ్చే అమ్మాయికీ ఇచ్చాను. రెండు బాటిళ్ళూ శుభ్రంగా వచ్చాయి.”

వీధి అనుమానిస్తోందని ఇక్కడికి వస్తే, ఇక్కడా అనుమానించారు. కానీ బయటికి వచ్చి చేతులు కడుక్కుంటుంటే ఇంకోలా అనిపించింది. బాటిల్‌తో అనుమానిస్తే బాటిల్‌తోనే తేలిపోయింది. నోటితో అనుమానిస్తే దేనితో తేల్చుకోను?

తిరిగి లోపలికి వెళ్ళేసరికి మేడమ్ నిర్ణయం అయిపోయింది.

“ఆ మూత వదిలేద్దాం. పెద్ద కాలవ కలిసేచోట తీద్దాం. సాంకేతిక కారణాల వల్ల చోటు మార్చామని ఒక్క వాక్యం రాస్తే సరిపోతుంది. మిగతా ఊరు మనల్ని నమ్ముతోంది. ఒక్క వీధి కోసం దాన్ని పాడు చేసుకోలేం.”

సరే మేడమ్ అంటే అయిపోయేది. వీధికి అడ్డుకర్రలు పడవు. సెలూన్ మూయక్కర్లేదు. వెనక సందులో ఆగే బండి సంగతి ఎవరూ అడగరు. ఆ మాట నా నాలుక మీదే ఉంది.

“మా వీధిలో సాంకేతిక కారణాలు అంటే దొరికిపోయారని అర్థం మేడమ్,” అన్నాను. “ఇవాళ సెలూన్ ఆయన దగ్గర అనుమానం ఒక్కటే ఉంది. రేపు రుజువు ఉంటుంది. పక్క వీధిలో జ్వరం నిజంగానే పెరుగుతోంది కదా, అక్కడ పరీక్షకి పిలిస్తే ఎవరూ రావట్లేదు. మా వీధి కాగితం చూపించి, అంతా ఉత్తుత్తి ఎరుపు అంటున్నారు.”

“అయితే ఏం చేద్దామంటావు?”

“వీధికి పైన, మురుగు వచ్చే వైపు, ఒక మూత ఉంది. కింద మనం తీసే మూత ఉంది. రెండిట్లోనూ ఒకే పూట, అందరూ చూస్తుండగా తీద్దాం. పైన తక్కువ, కింద ఎక్కువ వస్తే మధ్యలో ఏదో కలుస్తున్నట్టు.”

“మధ్యలో ఏముంది?”

“టైలరు షాపు. రెండు మేడలు.” నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. “మా లాండ్రీ.”

మేడమ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. “తెలిసే చెబుతున్నావా?”

“తెలీదు మేడమ్. అనుమానం.”

ఆవిడ చాలాసేపు నన్ను చూసింది. నేను అన్నయ్యని ఇరికించాలని చూస్తున్నానో, కాపాడాలని చూస్తున్నానో తేల్చుకోలేనట్టు. అది నాకూ తేలలేదు.

“అయితే ఆ రోజు నువ్వు దేన్నీ ముట్టుకోకు,” అంది. “కర్ర నేను పట్టుకుంటాను.”

*

మంగళవారం. మేడమ్ చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, బూట్లు వేసుకుని మా వీధిలో దిగింది. మూత బాబాయి ఆవిడకి కర్ర ఎలా వంచాలో చూపించి, “నిదానం మేడమ్, ఈ నూతిలో పడితే నీళ్ళు పోసేవాళ్ళు కూడా దగ్గరికి రారు,” అన్నాడు. నేను చేతులు కట్టుకుని దూరంగా నిలబడ్డాను. ముట్టుకోలేదని అందరికీ కనపడాలి.

కింది మూత దగ్గర తీసిన బాటిల్‌కి రేడియో చేత టేపు వేయించింది మేడమ్. ఆయన టేపు మీద అడ్డంగా సంతకం చేశాడు.

“ఐస్ పెట్టెలో ముందే ఏమైనా ఉందేమో చూసుకోండి,” అంది మేడమ్.

రేడియో నిజంగానే పెట్టెలోకి తొంగి చూశాడు. ఐసు ముక్క ఒకటి తీసి కిరాణా ఆయనకి చూపించాడు. “ఐసే,” అన్నాడు, కాస్త నిరాశగా.

తర్వాత అందరం పై మూత దగ్గరికి నడిచాం. మధ్యలో మా షాపు. అన్నయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు, చేతిలో మడత పెట్టని చొక్కాతో. ఇన్నాళ్ళూ మేం పై మూత ఎప్పుడూ తెరవలేదు. అది తెరుస్తున్నామంటే ఏం వెతుకుతున్నామో, పైనా కిందా నీళ్ళు చూసిన మనిషికి చెప్పక్కర్లేదు. పుట్టినప్పటినుంచి నీళ్ళతో బతికినవాడికి అసలే చెప్పక్కర్లేదు. అన్నయ్య ముందు మూత వైపు చూశాడు, తర్వాత నావైపు. చొక్కా మడవకుండానే లోపలికి వెళ్ళిపోయాడు.

“మీ అన్నకేంటి, ఒంట్లో బాలేదా?” అన్నాడు రేడియో.

ఆయన గొంతులో ఎగతాళి లేదు. కొత్త అనుమానం ఉంది.

మర్నాడు మధ్యాహ్నానికి తెలిసిపోయింది. పై మూత ఆకుపచ్చ. కింది మూత ఎరుపు.

“రేపు పొద్దున పెడతాం,” అంది మేడమ్. “ఈలోగా ఇంట్లో చెప్పు. మార్చడానికి కాదు, చెప్పడానికి.”

*

వెనక గదిలోకి అడగకుండా వెళ్ళాను. గోడ వారగా ముడేసిన మూటలు. విప్పిన మూటలో తెల్ల దుప్పట్లు, ప్రతి దాని అంచునా నీలం చార, చార పక్కన ఆసుపత్రి ముద్ర. మధ్యలో పెద్ద సిమెంటు తొట్టి. అందులో నీళ్ళు, నీళ్ళలో దుప్పట్లు.

“ఇక్కడికెందుకొచ్చావు?” అన్నాడు అన్నయ్య.

“మన ఇల్లే కదా.”

“ఇల్లు పైన. ఇది షాపు.”

“ఇవి ఆసుపత్రివి కదూ?”

వదిన చేతిలో కర్ర ఆగింది. అన్నయ్య బుకాయించలేదు.

“అయితే? వాళ్ళకి ఉతికే కంపెనీ చేతులెత్తేసింది. జ్వరం దుప్పట్లు మేం ముట్టుకోం అన్నారు వాళ్ళ మనుషులు. ఎవరో ఒకరు ఉతక్కపోతే ఆ రోగులు దేని మీద పడుకుంటారు? నీ గ్రాఫు మీదా? ఎవరికీ చెప్పొద్దు, వీధి భయపడుతుందని ఆసుపత్రివాళ్ళే అన్నారు. చెప్పలేదు.”

“నేను ఉతకొద్దనడం లేదు.”

“నేనేమీ మురికిపని చెయ్యట్లేదు బుజ్జీ. కళపెళ కాగే నీళ్ళలో వేస్తున్నాను. అందులో ఎముక వేస్తే ఎముకే ఉడుకుతుంది. ఏ క్రిమి బతుకుతుంది?”

“కాగే నీళ్ళలో వెయ్యకముందు?”

“ముందు ఏంటి?”

“ముందు వీటిని ఏం చేస్తావు?”

అన్నయ్య నన్ను సొంత పేరు మర్చిపోయిన మనిషిని చూసినట్టు చూశాడు. “నానబెడతాను. చన్నీళ్ళలో. నెత్తురు మరకా, కడుపు మరకా ముందు వేడి నీళ్ళలో పడితే చచ్చినా వదలవు. నువ్వీ ఇంట్లో పుట్టలేదా?”

పుట్టాను. నాన్న మా ఇద్దరికీ నేర్పిన మొదటి పాఠం అదే. వేడి మరకని వండేస్తుంది, ముందు చన్నీళ్ళతో బుజ్జగించు, తర్వాతే పొయ్యి మీదికి. అక్షరాలకంటే ముందు వచ్చిన మాట అది.

“మరి ఆ నానబెట్టిన నీళ్ళు?” అన్నాను.

అన్నయ్య చూపు తొట్టి అడుగున ఉన్న తూము దగ్గరికి వెళ్ళి, అక్కడే ఉండిపోయింది. తూముకి కట్టిన గుడ్డ ముద్ద పక్కనుంచి సన్నగా నీళ్ళు జారి కాలవలోకి పోతున్నాయి.

“నానబెట్టొద్దనే చెప్పారు ఆసుపత్రివాళ్ళు,” అన్నాడు. “తిన్నగా వేడిలో వెయ్యమన్నారు. మొదటి మూట అలాగే వేశాను. మరకలన్నీ ఉండిపోయాయి. మరక పడిన దుప్పటి మన షాపు గుమ్మం దాటడమా? నాన్న చూస్తే ఏమనేవాడు?”

నాకు ఏడుపు వచ్చింది, నవ్వూ వచ్చింది. వీధంతా ఎవరో దొంగ ఉన్నాడని వెతుకుతోంది. ఇక్కడ చూస్తే పని బాగా చెయ్యాలన్న పట్టుదల.

ముందు తేరుకున్నది వదిన. “అయితే రేపటినుంచి ఈ తొట్లోనే బ్లీచింగు కలుపుదాం. గంటసేపు ఉంచి అప్పుడు తూము తీద్దాం. మీ అంకె దానంతటదే పడిపోతుంది. సరిపోయింది కదా? ఇంక కాగితాలూ గొడవలూ ఎందుకు?”

“అదీ మాట,” అన్నాడు అన్నయ్య. “నీకు కావాల్సింది అంకె తగ్గడమేగా.”

“తగ్గుతుంది. ఎందుకు తగ్గిందో ఎవరికీ తెలీదు. రేడియో మావయ్య నిలదీశాక తగ్గిందని మాత్రం అందరికీ తెలుస్తుంది.”

“అంటే రాస్తావు.”

“రాయాలి.”

“పేరుతో?”

“లేదు. వీధిలోని ఒక లాండ్రీ అని.”

అన్నయ్య నవ్వాడు. అంత చప్పగా అతను నవ్వడం ఎప్పుడూ వినలేదు. “వీధిలో ఎన్ని లాండ్రీలున్నాయే?”

నేను తొట్టి అంచు పట్టుకున్నాను. “ఇంకో వాక్యం కూడా ఉంటుంది. శాంపిళ్ళు తీసే మనిషి ఆ లాండ్రీ యజమాని చెల్లెలు అని.”

“అదెందుకు?” అంది వదిన. “అది ఎవరడిగారు?”

“అడగకముందే చెప్పాలి వదినా. వాళ్ళంతట వాళ్ళు పట్టుకుంటే, దాచామంటారు. అప్పుడు మిగతా వీధుల అంకెలు కూడా ఎవరూ నమ్మరు.”

“వీధి నమ్మాలి, ఊరు నమ్మాలి,” అన్నాడు అన్నయ్య, తొట్లోంచి దుప్పటి పైకి తీసి పిండుతూ. నాతో కాదు, దుప్పటితో అన్నట్టు. “నువ్వు చదువుకుంటే మన ఇంటికీ ఒక నోరు వస్తుందనుకున్నాను. వచ్చింది. మొదట మన మీదే లేచింది.”

ఆ తర్వాత అతను నాతో మాట్లాడలేదు.

*

పొద్దున కాగితం అంటించాక, దాని ముందు గుమిగూడినవాళ్ళు చదవడం అయ్యాక తలలు తిప్పి మా షాపు వైపు చూశారు. తిట్టినా బావుండేది.

ముందు టైలరు గారింటి ఆవిడ వచ్చింది. “మా బట్టలు ఇచ్చెయ్యి నాయనా. ఉతికినా ఉతక్కపోయినా ఫర్వాలేదు.” తర్వాత ఒక్కొక్కరే. అన్నయ్య ఎవరితోనూ వాదించలేదు. గుర్తు చూసి ఎవరివి వాళ్ళకి అప్పగించాడు. రేడియో తన తువ్వాళ్ళు చంకలో పెట్టుకుని, ఏదో అనబోయి, మొట్టమొదటిసారి ఏమీ అనకుండా వెళ్ళాడు.

వార్డు ఆఫీసరు వచ్చి తొట్టి చూశాడు. వీధికి అడ్డుకర్రలు అక్కర్లేదని, బ్లీచింగు లేకుండా చుక్క నీరు బయటికి పోతే షాపుకి తాళమని చెప్పి వెళ్ళాడు. ఆసుపత్రివాళ్ళు మా ల్యాబు మీద కోప్పడ్డారట. కానీ ఉతికేవాళ్ళు ఇంకెవరూ దొరకలేదు కాబట్టి మూటలు ఆగలేదు.

మర్నాడు అన్నయ్య చేసిన పని ఎవరూ ఊహించనిది. పెద్ద ప్లాస్టిక్ తొట్టి ఒకటి తెచ్చి షాపు ముందు అరుగు మీద పెట్టాడు. దాని తూముకి పైపు తగిలించి వెనక కాలవ దాకా లాగాడు. మూటల బండిని వెనక సందులో కాక ముందు గుమ్మంలో ఆపించాడు. దుప్పట్లు అందరి కళ్ళ ముందే తొట్లో వేసి, బ్లీచింగు కొలిచి పోసి, పక్కన గడియారం పెట్టాడు.

“దాచుకుని చేసినన్నాళ్ళూ హాయిగా నిద్రపోయారు,” అన్నాడు వీధితో. “ఇప్పుడు చూస్తూ భయపడండి.”

రేడియో ఎదురు గట్టు మీద నిలబడి గడియారం వైపూ తొట్టి వైపూ మార్చి మార్చి చూశాడు.

“అది బ్లీచింగేనా, సున్నమా?”

“నాలుక పెట్టి చూడు.”

“వాసన తక్కువగా ఉంది.”

“నీ మాస్కు తియ్యి.”

ఆయన మాస్కు కిందికి లాగి, దగ్గి, మళ్ళీ పైకి లాక్కున్నాడు. ఒప్పుకోలేదు, వెళ్ళనూ లేదు. గంట అయ్యేదాకా అక్కడే ఉన్నాడు. మర్నాడూ వచ్చాడు. కుర్చీలో మనిషిని సగం గడ్డంతో వదిలేసి మరీ వచ్చాడు.

తర్వాతి మంగళవారం శాంపిల్ నేను తియ్యలేదు. మా వీధికి ఇక నన్ను పంపొద్దని మేడమ్‌ని అడిగాను, ఆవిడా అదే అనుకుందట. అంకె నాకంటే ముందు రేడియో చూశాడు. నేను ల్యాబుకి వెళ్తుంటే గుమ్మంలోంచి ఫోన్ ఊపాడు.

“తగ్గింది.”

“అవును మావయ్యా.”

“మంగళవారమే. ఆదివారం కాదు.” కాస్త ఆగాడు. “తగ్గిందా, తగ్గించారా?”

“మొత్తం ఫైలు పెట్టాం. చూసుకోండి.”

“చూస్తాను. చూడకుండా వదుల్తానా?” గడ్డం గోక్కున్నాడు. “పక్క వీధివాళ్ళు ఏమంటున్నారో తెలుసా? సొంత అన్న గుట్టే రట్టు చేసిన పిల్ల, మనల్ని వదుల్తుందా అని. పొద్దున్నుంచీ లైనులో నిలబడి పరీక్ష చేయించుకుంటున్నారు. నమ్మి కాదు, నీకు భయపడి.”

అది మెచ్చుకోలో, దెప్పిపొడుపో అడగలేదు. లైను ఉందన్నది చాలు.

ఇంట్లో మాత్రం ఏమీ మారలేదు. నేను భోజనానికి కూర్చుంటే అన్నయ్య లేస్తాడు. నేను మెట్లు దిగుతుంటే ఇస్త్రీ బల్ల మీద ఎప్పుడూ చూడాల్సినది ఏదో ఉంటుంది. సెలూన్ తువ్వాళ్ళు మాత్రం ఒకరోజు మాటా పలుకూ లేకుండా మా అరుగు మీద ప్రత్యక్షమయ్యాయి. టైలరు గారివి ఇంకా రాలేదు.

ఆ మర్నాడు పొద్దున వదిన నా కోటు తెచ్చి మంచం మీద పెట్టింది. గంజి పెట్టి, మడత కత్తిలా వచ్చేలా ఇస్త్రీ చేసి ఉంది. తొడుక్కోబోతుంటే కాలర్ లోపల నల్లగా ఏదో కనిపించింది. వెలుతురులోకి తిప్పాను.

గుర్తు. చిన్న సీసా బొమ్మ. దానికి మూత కూడా గీసి ఉంది.

మా ఇంటి బట్టకి ఇంతవరకూ గుర్తు పడలేదు. గుర్తు పరాయివాళ్ళకే అనేవాడు నాన్న.

“ఇది ఎవరు వేశారు వదినా?”

“ఈ ఇంట్లో సిరా పుల్ల పట్టేది ఎవరు?” అంది వదిన, నా ముఖం చూడకుండా దుప్పటి సర్దుతూ. “నన్నేం అడక్కు. నేను ఇస్త్రీ మాత్రమే చేశాను.”

కిటికీలోంచి కిందికి చూశాను. అన్నయ్య అరుగు మీద వంగి గ్లాసుతో బ్లీచింగు కొలుస్తున్నాడు. రేడియో ఎదురు గట్టు మీద నిలబడి కొలత సరిపోయిందా లేదా అని మెడ చాచి చూస్తున్నాడు.

కాలర్ మళ్ళీ తిప్పి గీతలు పరీక్షగా చూశాను. కోపంతో గీస్తే గీత వంకర పోతుంది. ఇవి పోలేదు. కానీ అన్నయ్య చేతికి కోపంలో కూడా వంకర రాదు. అది నాకు తెలుసు.

కోటు తొడుక్కుని కిందికి దిగాను.